ఇన్‌ఫిల్ గోడలకు భూకంప పరీక్ష: ల్యాబులు అమ్మే ప్యాకేజీ ఎంతవరకు పనికొస్తుంది?

సగం స్కేలులో ఒక అంతస్తు, ఒకే బే (రెండు కాలమ్‌ల మధ్య ఖాళీ) ఉన్న ఆర్‌సీసీ ఫ్రేమ్. దాని మధ్యలో మనం ఇచ్చిన ఇటుకతోనో బ్లాకుతోనో కట్టిన గోడ, అంటే ఇన్‌ఫిల్. పై బీమ్‌కు హైడ్రాలిక్ యాక్చుయేటర్ (నూనె ఒత్తిడితో తోసే జాకీ) తగిలించి ముందుకు తోయడం, వెనక్కి లాగడం, విడతవిడతకూ ఆ దూరం పెంచడం. చివర్లో గ్రాఫులూ ఫొటోలూ ఉన్న ఒక రిపోర్టు. స్ట్రక్చరల్ ల్యాబులు ‘ఇన్‌ఫిల్ గోడ సైక్లిక్ పరీక్ష’ పేరుతో అమ్మే ప్యాకేజీ కాస్త అటూ ఇటూగా ఇదే. కొనేవాళ్లు ఎక్కువగా కొత్త బ్లాకు తెచ్చిన కంపెనీలు, పాత భవనాన్ని బలపరచాల్సిన కన్సల్టెంట్లు, గోడకూ ఫ్రేముకూ మధ్య కొత్త జాయింటు డిటెయిల్ పట్టుకొచ్చినవాళ్లు.

మా మార్కులు ముందే చెప్పేస్తాం. బ్రోషర్‌లో ఉన్నది ఉన్నట్టు తీసుకుంటే ఐదుకు రెండున్నర. కింద చెప్పే మార్పులు ఒప్పందంలో రాయించుకుని తీసుకుంటే నాలుగు. ఆ మిగిలిన ఒక్క మార్కూ ఏ ల్యాబుకూ రాదు, ఎందుకంటే సైటులో గోడ కట్టే మేస్త్రీ ల్యాబుకు రాడు.

చాలా డిజైన్ లెక్కల్లో గోడ బరువుగా కనిపిస్తుంది గానీ బలంగా కనిపించదు. భూమి ఊగినప్పుడు మాత్రం, పక్కకు ఒరగబోయే ఫ్రేముకు గోడ అడ్డం పడుతుంది. ఒక మూల నుంచి ఎదురు మూలకు ఏటవాలుగా ఒత్తిడి నడుస్తుంది, మిగతా రెండు మూలల్లో గోడ ఫ్రేము నుంచి విడిపోతుంది. ఆ ఏటవాలు పట్టీనే డయాగనల్ స్ట్రట్ అంటారు. 1950ల్లో సోవియట్ ఇంజినీరు పోల్యకోవ్ మొదలుపెట్టిన ఆలోచన ఇది. 1961లో హోమ్స్ ఆ పట్టీ వెడల్పు కర్ణంలో మూడో వంతు అన్నాడు. 1970ల్లో మెయిన్‌స్టోన్ ఇంకా సన్నటి పట్టీ ఇచ్చే సూత్రం రాశాడు. అందులోని 0.175 గుణకమే 2016 నాటి ఐఎస్ 1893 (మన దేశపు భూకంప కోడ్) లోకి కూడా వచ్చింది. అంటే గోడ ఎంత బిగువుగా (స్టిఫ్‌గా) ఉంటుందో కాగితం మీదే తేలిపోతుంది. తేలనివి వేరే ఉన్నాయి: ఎంత ఒరిగితే పగులుతుంది, పగిలాక నిలబడుతుందా ఊడిపడుతుందా, ఈలోపు పక్క కాలమ్‌ను ఏం చేస్తుంది. 2001 భుజ్ భూకంపంలో కింది అంతస్తును గోడలు లేకుండా పార్కింగ్‌కు వదిలేసిన ఫ్లాట్లు కూలాయి. 2009లో ఇటలీలోని లాక్విలాలో ఫ్రేములు నిలిచినా బయటి గోడలు వీధిలోకి రాలాయి. రెండు చోట్లా ఫ్రేమూ గోడా కలిసి ఏం చేస్తాయన్నదే అసలు ప్రశ్న. మనం పరీక్షకు డబ్బు పెట్టేది దానికి జవాబు కోసమే. గరిష్ఠంగా ఎన్ని కిలోన్యూటన్లు మోసింది అన్న ఒక్క అంకె కోసం అయితే ఇంత ఖర్చు దండగ.

నమూనా దగ్గరే సగం తప్పులు

3 మీటర్ల ఎత్తు, 4 మీటర్ల పొడవున్న గోడను సగం స్కేలుకు తెస్తే 1.5 మీటర్లు, 2 మీటర్లు. బలం నాలుగో వంతుకు పడిపోతుంది, అంటే అసలు గోడ 200 కిలోన్యూటన్లు మోసేదైతే ఇక్కడ 50 చాలు. ల్యాబుకు సగం స్కేలు అంటే ఇష్టం అందుకే. చిన్న యాక్చుయేటర్, తక్కువ కాంక్రీటు, క్రేన్ పని సులువు. ఘనమైన మట్టి ఇటుక విషయంలో మాకూ అభ్యంతరం లేదు, ఇటుకను కోసి అన్ని కొలతలూ సగానికి తెచ్చినంత కాలం. 10 మిల్లీమీటర్ల మాలు వరస 5 మిల్లీమీటర్లు కావాలి. ఇసుకనూ దానికి తగ్గట్టు సన్నగా జల్లించాలి, లేకపోతే ఒక్కో గరుకు రేణువు మాలు మందంలో సగాన్ని అదే ఆక్రమిస్తుంది.

కొన్ని ల్యాబులు శ్రమ తగ్గించుకోవడానికి మామూలు ఇటుకనే వాడి గోడను మాత్రం సగం కడతాయి. ఇటుక 75, మాలు 10, మొత్తం 85 మిల్లీమీటర్లకు ఒక వరస అనుకుంటే 3 మీటర్ల గోడలో 35 వరసలు ఉంటాయి. అదే ఇటుకతో 1.5 మీటర్ల గోడలో 17 మాత్రమే. గోడ జారేది ఆ అడ్డ జాయింట్ల మీదే, మెట్లమెట్లుగా పగిలేదీ వాటి వెంటే. జాయింట్ల సంఖ్యను సగం చేసిన గోడ వేరే గోడ కిందే లెక్క. గుల్ల బ్లాకులైతే సగం స్కేలు అసలు కుదరదు, లోపలి పలుచటి అడ్డ గోడలను సగానికి తగ్గించి ఎవరూ తయారుచేయరు. ఏఏసీ (గాలి బుడగలున్న తేలిక కాంక్రీటు) బ్లాకును రంపంతో కోయొచ్చు గానీ దాని 2–3 మిల్లీమీటర్ల పలుచటి జాయింటును సగానికి తేవడం వల్ల కాదు. ఈ రెండు రకాలకూ పూర్తి స్కేలే అడగండి. ఫ్రేము పెద్దదవుతుంది, ల్యాబు మొహం చిన్నదవుతుంది, పట్టించుకోకండి.

గోడ ఎప్పుడు కడతారన్నది ఇంకో ముఖ్యమైన సంగతి. కాలమ్‌ల మీద పై అంతస్తుల బరువుకు బదులుగా జాక్‌లతో నిలువు బరువు పెడతారు. ఆ బరువు గోడ పై వరసలో మాలు కుక్కక ముందే పడాలి. కుక్కిన తర్వాత పెడితే ఏమవుతుందో ఒక చిన్న లెక్కలో చూడండి. కాలమ్ మీద 5 ఎంపీఏ (మెగాపాస్కల్) ఒత్తిడి, కాంక్రీటు మాడ్యులస్ (నొక్కుడుకు లొంగని గుణం) 25,000 ఎంపీఏ అనుకుంటే, 1.5 మీటర్ల ఎత్తులో కాలమ్ 0.3 మిల్లీమీటర్లు కుంగుతుంది. కాలమ్‌తో పాటు బీమ్ దిగుతుంది, కింద బిగుసుకున్న గోడ నలుగుతుంది. గోడ మాడ్యులస్ 2,000 అయితే, ముఖ్యంగా కాలమ్‌ల పక్కన, దాదాపు 0.4 ఎంపీఏ నిలువు ఒత్తిడి ఉచితంగా వచ్చిపడుతుంది. మాలు జాయింటు జారకుండా ఆపే శక్తిలో ఒక భాగం అతుకు, ఇంకో భాగం రాపిడి. యూరోకోడ్ 6 (యూరప్ తాపీపని కోడ్) రాపిడి గుణకాన్ని 0.4గా తీసుకుంటుంది. అతుకు 0.2 ఎంపీఏ ఉన్న గోడకు ఈ ఉచిత ఒత్తిడి వల్ల ఇంకో 0.16 కలుస్తుంది. 0.2 కాస్తా 0.36. రిపోర్టులో మీ బ్లాకు దాదాపు రెట్టింపు బలంగా కనిపిస్తుంది, బ్లాకులో మాత్రం ఏ మార్పూ లేదు.

మాలు పాళ్లు కూడా రాయించుకోండి. సైటులో 1:6 వాడేవాళ్లకు ల్యాబులో 1:4 గోడ చూపించి సర్టిఫికెట్ ఇవ్వడం మామూలే. గోడ కట్టిన రోజునే అదే మాలుతో క్యూబులు, అవే ఇటుకలతో ప్రిజంలు (ఒకదానిపై ఒకటి పేర్చిన చిన్న తాపీ నమూనాలు), మూడిటుకల షియర్ (జారుడు) నమూనాలు పోయించి, గోడ పరీక్ష జరిగిన రోజునే వాటినీ పరీక్షించాలి. 28వ రోజు ప్రిజం అంకెను 70వ రోజున తోసిన గోడకు అంటగడితే లెక్క కుదరదు. ప్రిజంలు మూడు సరిపోవు, ఆరు అడగండి. తాపీపని నమూనాల ఫలితాలు ఒకదానికొకటి చాలా దూరంగా వస్తాయి, మూడింటి సగటును నమ్మి స్ట్రట్ బిగువు లెక్కగట్టడం తొందరపాటు.

ఇక గోడ లేని ఖాళీ ఫ్రేమ్. ప్యాకేజీలో ఇది ‘ఐచ్ఛికం’ అని ఉంటుంది. అవే కొలతలు, అదే స్టీలు, అదే పోతలో పోసిన ఖాళీ ఫ్రేము జత లేకపోతే గోడ వాటా ఎంతో తీయలేరు. ఒకే డ్రిఫ్ట్ (ఒరుగు) దగ్గర గోడ ఉన్నదాని బలం లోంచి ఖాళీదాని బలం తీసేస్తే వచ్చేదే గోడ వాటా. గోడ ఉంటే కాలమ్ వంగే తీరు మారుతుంది కాబట్టి ఇదీ కచ్చితం కాదు, కానీ చేతిలో ఉన్నవాటిలో మంచి దారి ఇదే.

తోసే పద్ధతి

డ్రిఫ్ట్ అంటే పై బీమ్ పక్కకు జరిగిన దూరాన్ని అంతస్తు ఎత్తుతో భాగిస్తే వచ్చేది. 1.5 మీటర్ల నమూనాలో 1 శాతం అంటే 15 మిల్లీమీటర్లు. ఎన్ని మెట్లలో పెంచాలి, ఒక్కో మెట్టులో ఎన్ని చక్రాలు తిప్పాలి అన్నదానికి ఎక్కువమంది అనుసరించేవి రెండు అమెరికా పత్రాలు. ఏసీఐ 374.1 ఒక్కో మెట్టులో మూడు చక్రాలు అడుగుతుంది, తర్వాతి మెట్టు అంతకుముందు దానికి 1.25 నుంచి 1.5 రెట్ల మధ్య ఉండాలి. ఫెమా 461 ఒక్కో మెట్టుకు రెండు చక్రాలు, 1.4 రెట్ల పెంపు. మొదటిది కాంక్రీటు ఫ్రేముల కోసం రాసింది, ఇన్‌ఫిల్ గోడకు రెండోదే మేలు. 0.05 శాతం దగ్గర మొదలుపెట్టి 1.4 రెట్లు పెంచుకుంటూ పోతే 12వ మెట్టుకు 2 శాతం దాటుతుంది. మొత్తం 24 చక్రాలు, ఒక రోజులో చేయగల పని.

ల్యాబులు దొంగదారి పట్టేది మొదటి మెట్టు దగ్గరే. చిన్న కదలికలు విసుగు అని నేరుగా 0.25 శాతంతో మొదలుపెడతారు. తాపీ గోడ అంచుల్లో మొదటి నెర్రె సాధారణంగా 0.1 శాతం లోపే పడుతుంది. 0.25 దగ్గర మొదలైన పరీక్షలో పగలని గోడ ఎలా ఉంటుందో ఒక్క రీడింగు కూడా ఉండదు, అయినా రిపోర్టులో ‘తొలి బిగువు’ అని ఒక అంకె ఉంటుంది. అది అప్పటికే పగిలిన గోడ బిగువు.

చిన్న మెట్లు చేయకపోవడానికి ల్యాబు దగ్గర ఒక నిజమైన సాకు ఉంది. సగం స్కేలులో 0.05 శాతం అంటే ముప్పావు మిల్లీమీటరు. యాక్చుయేటర్ కదలగల దూరం ±250 మిల్లీమీటర్లు, దాని పిన్నుల్లో వదులే అర మిల్లీమీటరు ఉండొచ్చు. యాక్చుయేటర్ లోపలి కొలతతో నడిపిస్తే మొదటి రెండు మెట్లలో చాలా భాగం ఆ వదులులోనే కరిగిపోతుంది. దీనికి మందు ఉంది: పై బీమ్‌కు నేరుగా తగిలించిన బయటి ఎల్‌వీడీటీతో (కదలిక కొలిచే సెన్సర్‌తో) యాక్చుయేటర్‌ను నడపడం. ‘కంట్రోల్ ఏ సెన్సర్ మీద?’ అని అడిగి చూడండి, ల్యాబు పనితనం ఆ ఒక్క ప్రశ్నలో తెలిసిపోతుంది.

దానికి జంట ప్రశ్న పునాది దిమ్మె గురించి. ఫ్రేము కింది దిమ్మెను బలమైన నేలకు కడ్డీలతో బిగిస్తారు. తోస్తుంటే దిమ్మె జారుతుంది, కొంచెం లేస్తుంది కూడా. 2 మిల్లీమీటర్ల జారుడు అంటే 1.5 మీటర్ల ఎత్తుకు 0.13 శాతం డ్రిఫ్ట్, అంటే గోడ మొదట పగిలేంత. పై కొలతను నేల నుంచి కాకుండా దిమ్మె నుంచి తీయాలి, లేదా జారుడును వేరే ఎల్‌వీడీటీతో కొలిచి తీసేయాలి. ‘బోల్టులు గట్టిగా బిగించాం’ అన్నది జవాబు కాదు.

కాలమ్ బరువును కడ్డీలతో కిందికి లాగి పెట్టే ఏర్పాటులో ఒక చిన్న మోసం ఉంది. కడ్డీ కింది కీలు కాలమ్ అడుగునే ఉంటే, ఫ్రేము పక్కకు జరిగినప్పుడు కడ్డీ కూడా వాలి ఫ్రేమును వెనక్కి లాగుతుంది. ఒక్కో కాలమ్ మీద 200 కిలోన్యూటన్లు ఉంటే 2 శాతం డ్రిఫ్ట్ దగ్గర ఆ లాగుడు 4 కిలోన్యూటన్లు, రెండు కాలమ్‌లకు 8. నిజమైన భవనంలో పై బరువు వెనక్కి లాగదు, ఇంకా ముందుకే తోస్తుంది. 50 కిలోన్యూటన్ల గోడ పరీక్షలో 8 చిన్న సంగతి కాదు. సవరణ చేసిన గ్రాఫూ చేయనిదీ రెండూ ఇమ్మనండి.

మెట్టు చివర ఆపి పగుళ్లు గీసుకునేటప్పుడు బలం దానంతటదే జారుతుంది, గోడ సర్దుకుంటుంది. గ్రాఫులో అక్కడ నిలువుగా ఒక దిగుడు కనిపిస్తుంది. బలం రీడింగు ఆగిన క్షణానిదై ఉండాలి, మార్కర్ పెన్నుతో గీయడం అయ్యాక తీసింది కాదు. పగుళ్లు కనబడాలంటే గోడకు పలుచగా సున్నం పూత వేయించండి. ఫొటోలతో కదలిక కొలిచే పద్ధతి, అంటే డిజిటల్ ఇమేజ్ కోరిలేషన్, వాడేట్టయితే ఆ తెలుపు మీద నల్ల చుక్కలు చల్లుతారు. ఆ డేటా చాలా బాగుంటుంది, అదనపు రుసుము అయినా పెట్టొచ్చు. కాకపోతే గోడకు ఒక ముఖం మాత్రమే కనిపిస్తుంది, రెండో వైపు మనిషి కన్నే దిక్కు.

చూడాల్సింది

ఘనమైన ఇటుక గోడ నడక ఎలా ఉంటుందో తెలిస్తే రిపోర్టులో ఏం లేదో పట్టుకోవచ్చు. మొదట బీమ్ కిందా కాలమ్ పక్కనా వెంట్రుకంత సందు. తర్వాత 0.2, 0.3 శాతం చుట్టుపక్కల మధ్యలో మెట్ల పగుళ్లు, లేదా నడుమ ఎత్తులో ఒకే అడ్డ పగులు మీద పై సగం జారడం. పగులు ఏ దారి పడుతుందో మాలుకూ ఇటుకకూ మధ్య బలాల తేడా చెబుతుంది: మాలు బలహీనమైతే జాయింట్ల వెంట మెట్ల పగుళ్లో జారుడో, ఇటుక బలహీనమైతే ఇటుకలనే చీల్చుకుంటూ పోయే కర్ణం పగులు. గరిష్ఠ బలం ఆ తర్వాత. దాన్ని దాటాక మూలల్లో ఇటుక పొడిపొడిగా రాలుతుంది. బలం–కదలిక గ్రాఫులోని లూపులు చూస్తే నడుము సన్నబడి ఉంటాయి, ఎందుకంటే వెనక్కి వచ్చేటప్పుడు సందులు మూసుకునేదాకా గోడ ఏమీ మోయదు. అదే మెట్టులో రెండో చక్రం బలం మొదటిదానికంటే ఎంత తగ్గిందో చూడండి. గరిష్ఠ బలం కంటే ఈ తగ్గుదలే నాకెక్కువ నమ్మకమైన అంకె.

కాలమ్ గురించి రిపోర్టులు మౌనంగా ఉంటాయి. స్ట్రట్ బలం కాలమ్ పై చివర తగిలి దాన్ని అడ్డంగా కోయబోతుంది. గోడకూ బీమ్‌కూ మధ్య సందు వదిలిన చోట ఇంకా ఎక్కువ, ఎందుకంటే బీమ్‌కు పోవాల్సిన వాటా కూడా కాలమ్ మీదికే వస్తుంది. కాలమ్ పై చివర స్టిరప్‌ల (అడ్డ చుట్టు కడ్డీల) మీద కనీసం రెండేసి స్ట్రెయిన్ గేజీలు (సాగుడు కొలిచేవి) ఉండాలి, అవి కాంక్రీటు పోయక ముందే అతికించాలి. ఫ్రేము పోశాక గుర్తొస్తే ఏమీ చేయలేరు. కిటికీ కింద సగం ఎత్తు గోడ ఉన్న నమూనాలో కాలమ్ పొట్టిదైపోయి షియర్‌లో తెగే ప్రమాదం అందరికీ తెలిసిందే, దాని మీద ఎక్కువ రాయను.

అసలు లోటు: గోడ ముఖం మీది పరీక్ష

బ్రోషర్‌లో ఉన్నదంతా గోడ పొడవు దిశలో, అంటే ఇన్‌ప్లేన్. మనుషుల మీద పడేది మాత్రం మందం దిశలో ఊడిపడే గోడ. ఈ పరీక్షకు గోడకూ ఒక చెక్క పలకకూ మధ్య గాలి సంచి పెట్టి ఉబ్బిస్తారు. చాలా ల్యాబుల్లో ఇది వేరే ప్యాకేజీ, వేరే గోడ మీద. అదే మా ప్రధాన ఫిర్యాదు. పొడవు దిశలో అప్పటికే పగిలిన గోడ మీద చేస్తేనే దీనికి అర్థం, ఎందుకంటే భూకంపం రెండు దిశల్లోనూ కలిపే ఊపుతుంది. అదే నమూనాను ముందు 0.5 శాతం దాకా తోసి, ఫ్రేమును నిటారుగా తెచ్చి, గాలి సంచితో నొక్కి, మళ్లీ 1 శాతం దాకా తోసి, మళ్లీ నొక్కమనండి.

ఒత్తిడి ఎంత కావాలో ముందే లెక్కేసుకోవచ్చు. 115 మిల్లీమీటర్ల ఇటుక గోడ ఘనమీటరుకు 1,900 కిలోలైతే చదరపు మీటరుకు దాదాపు 220 కిలోలు. 1జీ త్వరణం దగ్గర 2.1 కిలోపాస్కల్. 12 చదరపు మీటర్ల గోడ మొత్తం బరువు 2.6 టన్నులు. ఏఏసీ బ్లాకు ఘనమీటరుకు 600 కిలోల చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి అదే మందానికి ఈ డిమాండులో దాదాపు మూడో వంతు చాలు. బ్లాకు కంపెనీలు నిజంగా గొప్పగా చెప్పుకోవాల్సిన సుగుణం ఇదే, వాళ్లేమో థర్మల్ ఇన్సులేషన్ గురించి చెబుతారు.

గాలి సంచిలో ఒత్తిడిని విస్తీర్ణంతో గుణించి బలం అనేసే ల్యాబులున్నాయి. సంచి ఉబ్బగానే అంచులు గుండ్రంగా అవుతాయి, మూలల్లో గోడను తాకదు. అసలు తాకిన విస్తీర్ణం తక్కువ, కాబట్టి బలం ఎక్కువగా కనిపిస్తుంది. వెనక పలకకూ ఆనుడు ఫ్రేముకూ మధ్య నాలుగు మూలల్లో లోడ్ సెల్స్ పెట్టి నేరుగా కొలవాలి.

పలుచటి గోడ ఆ దిశలో నిలబడేది ఆర్చింగ్ వల్ల. గోడ మధ్యలో వంగి పగిలి రెండు ముక్కలైతే, పై ముక్క బీమ్‌కు, కింది ముక్క నేలకు తన్నుకుని ఒకదానికొకటి ఆనుకుంటాయి. దానికి పైన సందు ఉండకూడదు. ఎంత సందు దాటితే ఆర్చింగ్ పోతుంది? 3,000 ఎత్తు, 115 మందం గోడలో ఒక్కో సగం 1,500. దాని కర్ణం 1,504.4. రెండు సగాలూ తిరిగి నిలబడితే గరిష్ఠంగా 3,008.8 అందుకోగలవు. అంటే పైన 9 మిల్లీమీటర్ల సందు ఉంటే ముక్కలు దేనికీ తన్నుకోకుండానే తిరిగి పడిపోతాయి, లోపలి మూలలు నలగడం కలిపితే అంతకన్నా తక్కువకే. 230 మందం గోడకు ఇదే లెక్క 35 మిల్లీమీటర్లు ఇస్తుంది. సైటులో పై వరసను వారం తర్వాత వచ్చి కుక్కుతాం అని వదిలేసిన సందు, కుక్కాక ఆరి ముడుచుకున్న మాలు, ఈ 9 మిల్లీమీటర్లను సులువుగా తినేస్తాయి. పక్క జాయింట్లు నిండుగా ఉంటే అడ్డంగా వచ్చే ఆర్చింగ్ కొంత కాపాడుతుంది, అంతే. సగం స్కేలు నమూనాలో ఈ హద్దు 4.4 మిల్లీమీటర్లు, కాబట్టి ల్యాబు మేస్త్రీ ముద్దుగా కుక్కిన పై వరస ఫలితాన్ని పూర్తిగా మార్చేస్తుంది.

ఎత్తుకూ మందానికీ నిష్పత్తి పెరిగితే బలం ఎంత వేగంగా పడిపోతుందో ఏఎస్‌సీఈ 41 (పాత భవనాల మదింపుకు అమెరికా ప్రమాణం) పట్టికలో కనిపిస్తుంది: నిష్పత్తి 10 ఉంటే గుణకం 0.060, 25 ఉంటే 0.013. సూత్రంలో మళ్లీ ఆ నిష్పత్తితోనే భాగిస్తారు. మొత్తం మీద తేడా 11 రెట్ల పైనే. 115 గోడకు మన ఉదాహరణలో నిష్పత్తి 26. యూరోకోడ్ 8 (యూరప్ భూకంప కోడ్) నిష్పత్తి 15 దాటిన గోడల మీద ప్రత్యేక శ్రద్ధ పెట్టమనడం ఊరికే కాదు.

షేక్ టేబుల్

నమూనాను కదిలే వేదిక మీద పెట్టి భూకంపంలా ఊపే పరీక్ష ఇది. చూడటానికి అదిరిపోతుంది, వీడియో బాగా వస్తుంది. కంపెనీ ప్రచారానికి కొనుక్కుంటే కొనుక్కోండి. గట్టి పరిశోధనలు ఉన్నాయి: ఇటలీ ఇస్ప్రాలోని ఎల్సా ల్యాబులో 16 మీటర్ల రియాక్షన్ వాల్ (యాక్చుయేటర్లు ఆనే బలమైన గోడ) ముందు పూర్తి స్కేలు నాలుగంతస్తుల ఫ్రేమును, గోడలతోనూ గోడల్లేకుండానూ సూడోడైనమిక్ పద్ధతిలో (కంప్యూటర్ లెక్కించిన కదలికలను యాక్చుయేటర్లతో నెమ్మదిగా ఇస్తూ) తోశారు. శాన్ డియాగోలో మూడంతస్తుల, మూడింట రెండు వంతుల స్కేలు ఇన్‌ఫిల్ ఫ్రేమును టేబుల్ మీద ఊపారు. ఒక బ్లాకు తయారీదారుకు అంత అక్కర్లేదు.

తీసుకునేట్టయితే ఒక పెద్ద గుంట దగ్గర జాగ్రత్త. సగం స్కేలు మోడల్‌కు త్వరణం తగ్గించకుండా ఉంచాలంటే మోడల్ సొంత బరువుకు సమానంగా అదనపు బరువు పెట్టాలి, భూకంప రికార్డు కాలాన్ని 0.707 రెట్లకు కుదించాలి. అదనపు బరువు దిమ్మెలను శ్లాబు మీద పెడతారు, గోడకు ఎవరూ పెట్టరు. సగం మందం గోడకు చదరపు మీటరు బరువూ సగమే, ఎత్తు-మందం నిష్పత్తి మాత్రం మారదు, కాబట్టి బలం తగ్గదు. డిమాండు సగం, బలం పూర్తి. గోడ ముఖం దిశలో రెండు రెట్లు సురక్షితంగా కనిపిస్తుంది. గోడకే సీసం పలకల్లాంటివి విడివిడిగా అతికించి బరువు కలిపారా అని అడగండి. టేబుల్ నిజంగా ఎంత ఊగిందో కొలిచిన రికార్డు అడగండి, కంప్యూటర్‌కు ఇచ్చిన రికార్డు కాదు. ఊపుకూ ఊపుకూ మధ్య సన్నటి వైట్ నాయిస్‌తో (అన్ని ఫ్రీక్వెన్సీలూ కలిసిన చిన్న కంపనంతో) నమూనా సహజ ఫ్రీక్వెన్సీ కొలుస్తారు. అది 6 హెర్ట్జ్ నుంచి 3కు దిగిందంటే బిగువు నాలుగో వంతుకు పడిందన్నమాట.

రిపోర్టు చేతికొచ్చాక

పీడీఎఫ్ మాత్రమే ఇస్తామంటే ఒప్పుకోకండి. అన్ని సెన్సర్ల ముడి డేటా, సెన్సర్ ఎక్కడుందో చూపే బొమ్మ, జారుడు సవరణకు ముందూ తర్వాతా ఉన్న విలువలు కావాలి. ప్రతి నష్ట దశకూ డ్రిఫ్ట్ రాసి ఉండాలి: అంచు విడిపోవడం, మొదటి కర్ణం పగులు, గరిష్ఠ బలం, 20 శాతం బలం పడిపోవడం, మొదటి ఇటుక రాలడం, కాలమ్‌లో మొదటి ఏటవాలు పగులు. తోసినప్పటివీ లాగినప్పటివీ విడివిడిగా.

ఈ డ్రిఫ్ట్‌లను కోడ్ హద్దులతో నేరుగా పోల్చే తప్పు రిపోర్టులోనే ఉంటుంది చాలాసార్లు. ఐఎస్ 1893లోని 0.4 శాతం డిజైన్ బలాల కింద లెక్కించిన డ్రిఫ్ట్‌కు. అసలు భూకంపంలో ఫ్రేము సాగి ఒరిగేది అంతకు చాలా ఎక్కువ. యూరోకోడ్ 8లో పెళుసు గోడలకు ఇచ్చిన 0.5 శాతం చిన్న భూకంపంలో నష్టం అదుపు కోసం, అదీ తగ్గింపు గుణకంతో గుణించాక. కాబట్టి ‘మా గోడ 0.45 శాతం దాకా పగల్లేదు, కోడ్‌లో పాస్’ అన్న వాక్యం కనిపిస్తే ఆ పేజీకి రంగు పూసి ల్యాబుకే తిప్పి పంపండి.

డబ్బు మూడు నమూనాలకే సరిపోతే మా వరస ఇది. ఒకటి, ఖాళీ ఫ్రేము. రెండు, పై వరస నిండా కుక్కిన గోడ. మూడు, సైటులో మామూలుగా వదిలేసేంత సందుతో కట్టిన గోడ. రెండో దాన్నీ మూడో దాన్నీ 0.5, 1 శాతాల దగ్గర గాలి సంచితో నొక్కించాలి. నాలుగో నమూనాకు వీలుంటే తలుపు సందున్న గోడ తీసుకోండి, తలుపు మధ్యలో కాకుండా ఒక పక్కకు. అప్పుడు ఒక వైపు తోస్తే ఒక బలం, ఇంకో వైపు తోస్తే వేరే బలం వస్తుంది. రెండు దిశల సగటు తీసి ఒకే అంకె వేయొద్దని ముందే చెప్పి ఉంచండి.